నూరుగురు లేని శతాధిపతి



2003 మార్చి 1. దక్షిణాఫ్రికాలో ప్రపంచ కప్ పోటీలు. పాకిస్తాన్ మీద గెలవాలంటే భారత్ 274 పరుగులు చేయాలి. సచిన్ టెండూల్కర్ 75 బంతుల్లో 98 కొట్టి, షోయబ్ అఖ్తర్ బంతికి క్యాచ్ ఇచ్చి వెనుదిరిగాడు. భారత్ ఆరు వికెట్ల తేడాతో గెలిచింది. అయినా ఆనాటి ఆట గుర్తున్నవాళ్ళను కదిపితే, ఆ రెండు పరుగుల వెలితి దగ్గరే మాట ఆగుతుంది. ఆట జరిగిన ఊరి పేరు సెంచూరియన్.

పేరులో నూరు ఉంది, చేతికి నూరు చిక్కలేదు. ఆ ఊరు పేరుగా పెట్టుకున్న మాట కథ కూడా అలాంటిదే. సెంచూరియన్ అన్నది పురాతన రోమన్ సైన్యంలో ఒక హోదా. నూరుగురు సిపాయిల మీద అధికారి అని దాని అర్థం. రోము ఒక చిన్న పట్టణంగా ఉన్న రోజుల నుంచి, మధ్యధరా సముద్రం చుట్టూ సామ్రాజ్యమై పరుచుకున్న రోజుల దాకా ఆ హోదా నిలిచింది. అధికారులున్నారు, సిపాయిలున్నారు. కూర్చుని తలలు లెక్కపెడితే నూరు మాత్రం రాదు.

లాటిన్‌లో కెంటుమ్ అంటే నూరు. నూరుగురి దళం కెంటురియా. దాని పెద్ద కెంటురియో. రోమన్లు ఈ మాటలను ‘క’తోనే పలికేవారు. ‘స’ వచ్చి చేరింది కొన్ని శతాబ్దాల తరవాత. అందుకు ఒక సాక్ష్యం మార్కు సువార్త గ్రీకు మూలంలో ఉంది. మార్కు ఈ లాటిన్ మాటను ఉన్నదున్నట్టుగా గ్రీకు అక్షరాల్లోకి దించాడు, అదీ ‘క’తో. మత్తయి, లూకా దాన్ని గ్రీకులోకి తిప్పుకుని, నూరుగురి నాయకుడు అని అర్థం వచ్చే మాట వాడారు. తెలుగు బైబిలు ఆ అర్థాన్నే పట్టుకుని ‘శతాధిపతి’ అంది. కపెర్నహూములో తన దాసుణ్ణి బాగుచేయమని యేసును వేడుకున్నవాడు శతాధిపతి. కైసరయలో పేతురును ఇంటికి పిలిపించుకున్న కొర్నేలీ శతాధిపతి. పౌలును ఖైదీగా ఓడెక్కించి ఇటలీకి తీసుకుపోయిన యూలి శతాధిపతి. ఆదివారం ప్రార్థనకు వెళ్ళే తెలుగువాళ్ళకు ఈ రోమన్ హోదా తరతరాలుగా పరిచయమే, ఆ సంగతి ఎవరూ విడిగా చెప్పకపోయినా.

శతాధిపతి మంచి అనువాదం. పైగా అది పుట్టింటికే చేరిన మాట. సంస్కృతంలోని శతం, లాటిన్‌లోని కెంటుమ్ ఒకే తాత మనవలు. భాషాశాస్త్రవేత్తలు ఇండో-యూరోపియన్ భాషలను రెండు పాయలుగా చెప్పడానికి వాడే పేర్లు కూడా ఈ అంకెలోంచి తీసుకున్నవే: కెంటుమ్ పాయ, సతెం పాయ. లాటిన్‌లో ‘క’గా మిగిలిపోయిన ధ్వని, సంస్కృతం వైపు ‘శ’ అయింది, అవెస్తా వైపు ‘స’ అయింది. తెలుగుకు సొంత మాట నూరు. తమిళ కన్నడాలతో కలిసి అనుభవిస్తున్న ద్రావిడ సొత్తు అది. శతం మాత్రం అరువు సొమ్ము, ఆ సొమ్ముకు రోములో దాయాదులున్నారు. దాయాదుల్లో ఒకడు ఇంగ్లీషువాళ్ళ వెంట పల్లెల దాకా వచ్చి రెవెన్యూ లెక్కల్లో స్థిరపడ్డాడు. వాడి పేరు సెంటు, ఎకరంలో నూరో వంతు. మూడు సెంట్ల ఇంటి స్థలం కోసం తహశీల్దారు ఆఫీసు గుమ్మంలో నిలబడినవాడి నోట పలికేది కెంటుమ్ ముక్కే.

ఇక దళం సంగతి. దీని పుట్టుక గురించి రోమన్లు చెప్పుకున్న కథ గడ్డితో మొదలవుతుంది. రోమ్యులస్ తన వెంట వచ్చిన పశువుల కాపరులనూ పారిపోయి వచ్చినవాళ్ళనూ నూరేసి మంది చొప్పున జట్లు చేశాడట. ప్రతి జట్టు ముందూ ఒకడు కర్ర చివర గడ్డిపరకల కట్ట కట్టి పట్టుకున్నాడట. గ్రీకు రచయిత ప్లూటార్క్ ఈ కథ రాసేనాటికి రోమ్యులస్ కాలం గడిచి ఎనిమిది వందల ఏళ్ళు దాటింది. కాబట్టి దీన్ని అమ్మమ్మ కథగా వినడమే మేలు. అయితే గడ్డికట్ట తరవాతి కాలపు సైనిక ధ్వజాలకు తాత అని రోమన్లు నమ్మారన్నది మాత్రం ముచ్చటైన విషయం.

గడ్డి కథ తరవాత ఓట్ల కథ. ఆరో రాజు సెర్వియస్ తుల్లియస్ పేరు మీద చెప్పే ఏర్పాటు ప్రకారం రోమన్ పౌరులందరినీ ఆస్తిని బట్టి 193 కెంటురియాలుగా విడదీశారు. యుద్ధానికి పిలుపు వచ్చినా, ఓటు వేయాల్సి వచ్చినా ఆ వరసే. ఒక్కో కెంటురియాకు ఒక్కో ఓటు. గుర్రపు రౌతులవి 18, సంపన్నుల మొదటి తరగతివి 80. ఆ రెండూ ఒకమాట మీద ఉంటే 98 ఓట్లు, సగానికి మించిపోయాయి. కిందివాళ్ళ వంతు రాకముందే ఫలితం తేలిపోయేది. ఆస్తిలేని పేదలందరినీ కలిపి ఒకే ఒక్క కెంటురియాలో కుక్కారు. వేలమందికి ఒక ఓటు. అక్కడ నూరు అన్న అంకె అన్యాయాన్ని కప్పిపుచ్చే పరదా తప్ప మరేమీ కాదు.

పొలం కొలతలోనూ ఇదే తంతు. సర్వేలో ఒక పెద్ద చదరపు కమతాన్ని కెంటురియా అనేవారు. మొదట్లో నూరు యూగెరాలు కాబట్టి ఆ పేరు వచ్చిందనీ, తరవాత దాన్ని రెట్టింపు చేసినా పేరు మార్చలేదనీ వర్రో అనే పండితుడు క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలోనే రాసిపెట్టాడు. రెండు వందల యూగెరాలంటే మన లెక్కలో సుమారు 125 ఎకరాలు. ఉత్తర ఇటలీలో పో నది మైదానం మీదుగా విమానంలో వెళితే ఆ గళ్ళు నేటికీ కనిపిస్తాయి. గట్లు, కాలవలు, బాటలు అవే గీతల మీద నడుస్తున్నాయి. పేరు నూరు, విస్తీర్ణం ఇన్నూరు.

ఇలాంటి అంకెల బిరుదులు దక్కనుకు కొత్త కాదు. 1687లో గోల్కొండ పడిపోయాక ఇక్కడికి వచ్చిన మొగలు మన్సబుదారుల్లో పంచ్‌హజారీ అనిపించుకున్నవాడి లాయంలో ఐదువేల గుర్రాలు ఉండితీరాలని లేదు. జాత్ అనే అంకె అతని అంతస్తు చెప్పేది. గుర్రాల లెక్క సవార్ పేరుతో వేరే రాసేవారు. రోమన్లు ఆ రెండో అంకె పెట్టుకోలేదు, అంతే తేడా.

సైన్యంలో లెక్క చూద్దాం. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో రోమన్ సైన్యాన్ని దగ్గరగా చూసి రాసిన గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ ఇచ్చిన అంకెలను భాగించుకుంటే, ముందు రెండు వరసల్లో ఒక్కో సెంచూరియన్‌కు 60 మంది వస్తారు, వెనక వరసలో 30 మంది. తేలిక ఆయుధాల కుర్రవాళ్ళను పంచి కలిపినా 80 దాటదు. సామ్రాజ్యం నాటికి ఆ 80 స్థిరపడింది. ఎనిమిదేసి మందికి ఒక డేరా, పది డేరాల వాళ్ళు ఒక కెంటురియా. ఆరు కెంటురియాలు ఒక కోహార్ట్. పది కోహార్టులు ఒక లీజియన్, అంటే ఐదువేలకు కాస్త తక్కువ కాలిబంటు.

శిబిరం ఎలా వేయాలో చెప్పే ఒక లాటిన్ చేతిపుస్తకం మనకు మిగిలింది. అందులో ఒక తెలివైన లెక్క ఉంది. కెంటురియాలో ఎప్పుడు చూసినా 16 మంది కాపలాలో ఉంటారు కదా, వాళ్ళకు ఆ పూట డేరా ఎందుకు? అందుకని పదికి ఎనిమిదే వేయండి, మిగిలిన చోట సెంచూరియన్ తన డేరా వేసుకుంటాడు. ఎనిమిది మంది కాళ్ళు ముడుచుకుని పడుకునే డేరా పక్కనే, ఒక్కడికి రెండు డేరాల జాగా! హోదా అంటే ఏమిటో సిపాయికి రోజూ రాత్రి పడుకోబోయే ముందు కనిపించేదన్నమాట.

పుస్తకం లెక్క అది. అసలు లెక్క ఎలా ఉండేదో చూడాలంటే ఉత్తర ఇంగ్లండులోని విండోలాండాకు వెళ్ళాలి. అక్కడి బురదలో, గాలి తగలని పొరల్లో, పోస్టుకార్డంతేసి పలచటి చెక్కరేకులు వందల కొద్దీ దొరికాయి. సిరాతో రాసిన ఉత్తరాలు, చిట్టాలు. వాటిలో ఒకటి హాజరు పట్టీ. తుంగ్రియన్ల మొదటి కోహార్ట్, అంటే నేటి బెల్జియం ప్రాంతం వాళ్ళ దళం. అధిపతి యూలియస్ వెరెకుండస్. తేదీ మే 18, క్రీస్తు శకం 90ల ప్రాంతం. మొత్తం బలం 752, అందులో సెంచూరియన్లు ఆరుగురు. భాగిస్తే ఒక్కొక్కరికి 125 మంది. అరవై, ఎనభై అయిపోయాయి, ఇప్పుడేమో నూరు దాటేసింది!

కానీ ఆ 752 కాగితం మీది అంకె. కిందికి చదువుతూ పోతే గుమాస్తా ఒక్కొక్కటీ కోస్తూ వెళతాడు. పక్క కోటకు పోయినవాళ్ళు 337, వాళ్ళతో ఇద్దరు సెంచూరియన్లు. గవర్నరుకు అంగరక్షకులుగా 46. లండనులో ఒక సెంచూరియన్. ఇలా బయట ఉన్నవాళ్ళు 456. కోటలో మిగిలింది 296, వాళ్ళ మీద ఒకే ఒక్క సెంచూరియన్. వాళ్ళలోనూ జబ్బుపడ్డవాళ్ళు 15, గాయాలైనవాళ్ళు 6, కళ్ళకలక వచ్చినవాళ్ళు 10. చివరికి పనికి లేవగలిగింది 265 మంది. ఆ రోజు ఆ చలిప్రాంతపు కోటలో మిగిలిన ఒక్క శతాధిపతి కింద రెండు వందల అరవై చిల్లర ఉన్నారు. కళ్ళకలక వాళ్ళను వేరే వరసలో రాసిన గుమాస్తాకు దండం పెట్టాలి. సామ్రాజ్యం గురించి పెద్ద గ్రంథాలు చెప్పని సంగతి ఒక చెక్కరేకు చెప్పింది.

నూరు సంగతి అలా ఉంచితే, ఈ అధికారిని సిపాయి దేనితో గుర్తుపట్టేవాడు? శిరస్త్రాణం మీది కుచ్చు ఒక చెవి నుంచి ఇంకో చెవికి అడ్డంగా ఉండేది. కత్తి సిపాయికి కుడివైపు వేలాడితే ఇతనికి ఎడమవైపు. వీటికంటే ముఖ్యం చేతిలోని కర్ర. ద్రాక్షతీగ మొదలు నుంచి కోసిన బెత్తం అది. స్పెయిన్‌లోని నుమాంటియా ముట్టడి కాలంలో, క్రీస్తు పూర్వం 134 ప్రాంతంలో, వరస తప్పిన సిపాయి రోమన్ పౌరుడైతే ద్రాక్ష కర్రతోనూ, పరాయివాడైతే మామూలు కర్రతోనూ కొట్టించేవాడట సేనాపతి స్కిపియో. దెబ్బలు తినడంలో కూడా పౌరసత్వపు గౌరవం చూసుకున్న దేశం అది.

క్రీస్తు శకం 14లో అగస్టస్ చక్రవర్తి చనిపోగానే డాన్యూబు వైపు మూడు లీజియన్లు తిరగబడ్డాయి. అక్కడ లుసీలియస్ అనే సెంచూరియన్ ఉండేవాడు. సిపాయిలు అతనికి పెట్టుకున్న ముద్దుపేరు ‘ఇంకోటి తే’. ఎవడి వీపు మీదనైనా కర్ర విరిగితే గట్టిగా అరిచి ఇంకో కర్ర తెమ్మనేవాడు, అదీ విరిగితే మరోటి. తిరుగుబాటులో మొదట ప్రాణం పోయింది ఇతనికే. యూలియస్ క్లెమెన్స్ అనే ఇంకో సెంచూరియన్‌ను మాత్రం, చురుకైనవాడు, తమ మాట పైవాళ్ళకు చెప్పగలడు అని దాచిపెట్టారు. అదే సమయంలో రైన్ నది ఒడ్డున తిరగబడ్డ లీజియన్లు తమ సెంచూరియన్లను కిందపడేసి ఒక్కొక్కరి మీద అరవై మంది చొప్పున పడి కొట్టాయి. అరవై ఎందుకంటే, లీజియన్‌కు సెంచూరియన్లు అరవై మంది కాబట్టి. కోపంలోనూ లెక్క తప్పలేదు.

ఈ కోపం ఒక్క కర్ర వల్ల వచ్చింది కాదు. సెలవు కావాలన్నా, కందకం తవ్వే పని తప్పించుకోవాలన్నా సెంచూరియన్‌కు మామూలు ముట్టజెప్పాలి. ఒక దళంలో నాలుగో వంతు మంది ఇలా డబ్బిచ్చి బయట తిరిగేవాళ్ళని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ డబ్బు కోసం సిపాయిలు దొంగతనాలకూ కూలిపనులకూ పోయేవారు. క్రీస్తు శకం 69లో గద్దెనెక్కిన ఒథో చక్రవర్తి చేసిన పరిష్కారం వింటే నవ్వొస్తుంది. మామూళ్ళు మాన్పించలేదు. సిపాయిల తరఫున ఆ సొమ్ము ఖజానా నుంచి ఇప్పిస్తానన్నాడు!

రైన్ తిరుగుబాటు సద్దుమణిగాక అక్కడి సేనాపతి జెర్మానికస్ చేసిన పని ఇంతకంటే గట్టిది. సెంచూరియన్లను ఒక్కొక్కరినే లీజియన్ ముందుకు పిలిచాడు. పేరు, హోదా, స్వస్థలం, ఎన్నేళ్ళ సర్వీసు, ఏ యుద్ధంలో ఏం చేశాడు, ఏ బహుమతులొచ్చాయి, అన్నీ చెప్పుకోవాలి. వాళ్ళ మంచితనానికి సిపాయిలు సాక్ష్యం పలికితే ఉద్యోగం ఉంటుంది. డబ్బాశ, క్రూరత్వం అని అందరూ ఒక్కమాటగా చెబితే ఇంటికే. పై అధికారికి కింది సిపాయి మార్కులు వేసిన ఘట్టం సైనిక చరిత్రలో అరుదు.

అంత తిట్టించుకున్న ఈ మనుషులే యుద్ధంలో ముందుగా చచ్చిపోయేవారు. క్రీస్తు పూర్వం 52లో గాల్ దేశంలోని గెర్గోవియా కొండకోట దగ్గర జూలియస్ సీజర్ దెబ్బతిన్నాడు. తనవాళ్ళు దాదాపు 700 మంది పోయారనీ, వాళ్ళలో సెంచూరియన్లు 46 మందనీ సీజరే రాసుకున్నాడు. మామూలుగా ఎనభై మందికి ఒక సెంచూరియన్ ఉండే చోట, శవాల్లో పదిహేను మందికి ఒకడు తేలాడన్నమాట. మార్కస్ పెట్రోనియస్ అనే సెంచూరియన్ కోట ద్వారం దగ్గర చుట్టుముట్టబడి, కీర్తి ఆశతో మిమ్మల్ని ఇక్కడికి లాక్కొచ్చింది నేనే, మీరు పొండి అని తనవాళ్ళను పంపేసి అక్కడే పడిపోయాడు. అయితే ఆ రోజు వెనక్కి రమ్మన్న సంకేతం దాటి గోడ దాకా దూసుకుపోయారు కాబట్టే అంతమంది చచ్చారు. మర్నాడు సీజర్ సైన్యాన్ని నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. ధైర్యం కొంత, దోపిడీ సొమ్ము మీద కన్ను కొంత. రెంటినీ విడదీయడం కష్టం. అంతకు వంద ఏళ్ళ ముందే పోలిబియస్, రోమన్లకు కావలసింది ఎగిరి దూకే సెంచూరియన్లు కాదు, ఒత్తిడి పెరిగినా కాలు కదపనివాళ్ళు అని రాశాడు. గెర్గోవియాలో ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

కాలు కదపనివాడు కూడా ఉన్నాడు. క్రీస్తు పూర్వం 48లో డిరాకియం దగ్గర ఒక చిన్న కోటను కాచిన స్కేవా అనే సెంచూరియన్ డాలును తెచ్చి సీజర్‌కు చూపించారు. దానికి 120 చిల్లులు. ఎవరో తీరిగ్గా కూర్చుని లెక్కపెట్టారు! సీజర్ అతనికి రెండు లక్షల సెస్టర్సులు ఇచ్చి, ఒక్క గెంతులో లీజియన్‌లోని మొదటి సెంచూరియన్‌ను చేశాడు. ఆ మొదటివాణ్ణి ప్రిముస్ పిలుస్ అనేవారు. అందరి గురీ ఆ మెట్టు మీదే.

మన సైన్యంలో సిపాయిగా చేరి మెట్టుమెట్టుగా ఎదిగిన సుబేదారును ఎరిగినవాళ్ళకు ఈ సెంచూరియన్ సగం అర్థమవుతాడు. కసరత్తు, క్రమశిక్షణ, కుర్రవాళ్ళ మంచిచెడ్డలు చూసేది ఇతనే. మిగతా సగం వేరు. యుద్ధంలో దళాన్ని నడిపే కెప్టెన్ కూడా ఇతనే. జీతం సిపాయికి ఎన్నో రెట్లు. సబైన్ పల్లె నుంచి వచ్చిన స్పురియస్ లిగుస్టినస్ కథ రోమన్ చరిత్రకారుడు లివీ గ్రంథంలో ఉంది. తండ్రి ఇచ్చిన ఆస్తి ఒక యూగెరం, అంటే అరవై సెంట్ల చిల్లర, ఒక గుడిసె. క్రీస్తు పూర్వం 200లో సిపాయిగా చేరాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు, 34 సార్లు శౌర్య బహుమతులు, ఆరు పౌర కిరీటాలు, నాలుగు సార్లు ప్రిముస్ పిలుస్. ఇంట్లో ఆరుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. యాభై దాటిన వయసులో, సీనియర్లంతా తమ పాత హోదాలకు తగ్గేది లేదని పట్టుబట్టిన రోజున, ఏ మెట్టు ఇస్తే ఆ మెట్టులో నిలబడతానన్నాడు. లివీ అతని చేత చెప్పించిన ప్రసంగంలో కొంత అలంకారం ఉంటే ఉండవచ్చు గానీ, అరవై సెంట్ల రైతు ఎక్కడి దాకా ఎక్కగలడో చెప్పడానికి రోమన్లు ఎంచుకున్న మనిషి ఇతను.

మరి కెంటురియాను సిపాయిలు ఏమని పిలిచేవారు? అంకెతో కాదు, సెంచూరియన్ పేరుతో. ఉత్తర ఇంగ్లండులో క్రీస్తు శకం 122 నుంచి కట్టిన హేడ్రియన్ గోడలో ఏ దళం ఏ ముక్క కట్టిందో చెప్పే చిన్న చిన్న రాళ్ళు ఉన్నాయి. కెంటురియాకు గుర్తుగా కొండి లాంటి ఒక గీత, పక్కన ఆ సెంచూరియన్ పేరు, అంతే. ఫలానావాడి మనుషులు కట్టారని అర్థం. ఆ మనుషులు అరవై మందా, నూట పాతికా అన్నది ఏ రాయీ చెప్పదు.

అలాంటి పేరు చెక్కిన రాయి ఇంకొకటి జర్మనీలోని బాన్ మ్యూజియంలో ఉంది. 1620లో జాంటెన్ దగ్గర బయటపడింది. మార్కస్ కేలియస్, ఇటలీలోని బొలోన్యా నగరం వాడు, పద్దెనిమిదో లీజియన్. లీజియన్ అంకెను ఇరవైకి రెండు తక్కువ అన్న పద్ధతిలో చెక్కారు. వయసు యాభై మూడున్నర. తల మీద ఓక్ ఆకుల కిరీటం, రొమ్ము నిండా పతకాలు, చేతిలో ద్రాక్ష కర్ర. అటూ ఇటూ అతను విడుదల చేసిన ఇద్దరు బానిసల ముఖాలు, ప్రివాటస్, థియామినస్. క్రీస్తు శకం 9లో జర్మనీ అడవుల్లో మూడు లీజియన్లు తుడిచిపెట్టుకుపోయిన వారస్ యుద్ధంలో కేలియస్ చనిపోయాడనీ, తమ్ముడో అన్నో అయిన పుబ్లియస్ ఈ రాయి వేయించాడనీ రాసి ఉంది. ఎముకలు తెచ్చి ఇక్కడ ఉంచవచ్చు అని ఇంకో మాట కూడా చెక్కారు. ఆ ఎముకలు బానిసలవని కొందరు అంటారు, ఎప్పటికైనా దొరికితే కేలియస్‌వేనని కొందరు.

ఆరేళ్ళ తరవాత జెర్మానికస్ సైన్యంతో ఆ అడవికి వెళ్ళాడు. నేల మీద తెల్లబడి చెదిరిపడున్న ఎముకలను సిపాయిలు ఏరి ఒక్కచోట పూడ్చారు. వాటిలో తమవాళ్ళవేవో, పరాయివాళ్ళవేవో ఎవరికీ గుర్తుపట్టడం సాధ్యం కాలేదు.